1957లో ఇండియానా జోన్స్: నాలుగో భాగాన్ని మనం సరిగ్గా చూశామా?

పానగల్లు పాఠకుడు (నల్లగొండ):

పురావస్తు ప్రొఫెసర్ ఇండియానా జోన్స్ (ఇండీ) సాహసాల చిత్రాలను ఇష్టపడే మిత్రులకు నమస్కారం. 2008లో వచ్చిన నాలుగో భాగం ‘ఇండియానా జోన్స్ అండ్ ది కింగ్‌డమ్ ఆఫ్ ది క్రిస్టల్ స్కల్’ గురించి ఒక ప్రశ్న అడగదలచుకున్నాను. ఈ సినిమా పేరెత్తితే చాలు, ఫ్రిజ్, కోతులు, గ్రహాంతరవాసులు అనే మూడు మాటలతో చర్చ ముగిసిపోతుంది. ఇన్నేళ్లుగా నేనూ ఆ మూడు మాటలే చెబుతూ వచ్చాను. ఈమధ్య మా అమ్మాయితో కలిసి మళ్లీ చూశాక, ఆ మాటలు నేను చూసి అన్నవా, నలుగురి నోట విని అన్నవా అనే సందేహం కలిగింది.

2008 వేసవిలో ఆ సినిమా కోసం ఇద్దరు స్నేహితులతో కలిసి నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు బస్సులో వెళ్లాను. మొదటి మూడు భాగాలనూ అద్దెకు తెచ్చుకున్న సీడీల్లో ఎన్నిసార్లు చూశామో లెక్క లేదు. రెండో భాగంలో మోలా రామ్‌గా వేసిన అమ్రీష్ పురి మాకు అప్పటికే ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ మాంత్రికుడిగా తెలిసినవాడు కావడంతో, ఆ పరాయి సినిమాల్లో మాకూ ఒక చుట్టం ఉన్నట్టు అనిపించేది. అంత ఆశతో వెళ్లి, తిరుగు ప్రయాణంలో చౌటుప్పల్ దాటకముందే, ఈ సినిమా తీయకుండా ఉండవలసిందని ముగ్గురం తీర్పు చెప్పేశాం. ప్రపంచమంతా కలిపి దాదాపు 79 కోట్ల డాలర్లు వసూలు చేసి, ఆ ఏడాది వసూళ్లలో రెండో స్థానంలో నిలిచిన సినిమా అది. అయినా దాన్ని ఇష్టపడ్డానని పైకి చెప్పుకున్నవారు నాకు తారసపడలేదు.

ఈసారి నన్ను మొదట ఆపింది కాలం లెక్క. మూడో భాగం కథ 1938లో జరుగుతుంది, నాలుగో భాగం కథ 1957లో జరుగుతుంది. మూడోది విడుదలైంది 1989లో, నాలుగోది 2008లో. తెర మీదా తెర బయటా సరిగ్గా 19 ఏళ్లే గడిచాయి. షూటింగ్ జరుగుతుండగానే హారిసన్ ఫోర్డ్‌కు 65 ఏళ్లు నిండాయి, ఆ వయసును కప్పిపెట్టే ప్రయత్నం దర్శకుడు స్పీల్‌బర్గ్ ఎక్కడా చేయలేదు. ఇండీ బల్ల మీద తండ్రి ఫొటో, మిత్రుడు మార్కస్ బ్రోడీ ఫొటో ఉంటాయి. ఇద్దరూ పోయారు. బ్రోడీగా వేసిన డెన్‌హోమ్ ఎలియట్ 1992లోనే మరణించారు కాబట్టి ఆ ఫొటో కథ కోసం పెట్టింది మాత్రమే కాదు. ఆ గదిలో కాలేజీ డీన్, జీవితం మనకు ఇవ్వడం మానేసి ఇచ్చినవాటిని ఒక్కొక్కటిగా తీసుకుపోయే వయసుకు చేరుకున్నామన్న అర్థం వచ్చే మాట అంటాడు. 2008లో నాకు 24 ఏళ్లు, ఆ మాట నా చెవిన పడనే లేదు. మొన్న విన్నప్పుడు, మా నాయన పోయి రెండేళ్లు కావడం వల్లనో ఏమో, సినిమాను అక్కడ ఆపి కాసేపు కూర్చుండిపోయాను.

అయితే నా ప్రశ్నకు అసలు కారణం ముగింపు దృశ్యం. కపాలం చేరవలసిన అకటోర్ ఆలయం కూలి, దాని కింది గ్రహాంతరవాసుల వాహనం లేచి మాయమయ్యాక, చుట్టూ ఉన్న నది నీళ్లు విరుచుకుపడి ఆ లోయ మొత్తాన్ని నింపేస్తాయి. జీవితమంతా తవ్వకాల్లో గడిపిన మనిషి గట్టు మీది నుంచి, తాను చూసినవాటిలోకెల్లా గొప్ప పురాతన స్థలం నీళ్ల కిందికి పోతుంటే చూస్తూ ఉంటాడు. ఆయన చేతిలో ఏ వస్తువూ లేదు. సినిమా పేరులో ఉన్న ఆ స్ఫటిక కపాలాన్ని ఆయన తీసుకుపోవడానికి రాలేదు, ఉండవలసిన చోట తిరిగి పెట్టడానికి వచ్చాడు.

ఆ దృశ్యం నన్ను నేరుగా నాగార్జునకొండకు తీసుకుపోయింది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోతుందని తెలిసి, ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు శాఖ 1954 నుంచి 1960 వరకు అక్కడ తవ్వకాలు జరిపింది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురిని నీళ్లు రాకముందే చదివేయాలని ఏళ్ల తరబడి జరిగిన పని అది. దొరికినవాటిలో కొన్నింటిని కొండ మీదికి, మరికొన్నింటిని అనుపుకు తరలించి మళ్లీ కట్టారు, మిగిలిన లోయను కృష్ణమ్మ కప్పేసింది. మా తాత ఆ డ్యాం పనికి వెళ్లినవాడు. ఎండాకాలం అరుగు మీద పడుకుని ‘ఆ నీళ్ల కింద పెద్ద పట్నం ఉంది’ అని చెప్పేవాడు. అంటే తెర మీద ఇండియానా జోన్స్ ఒక లోయ మునిగిపోవడం చూస్తున్న ఆ 1957లోనే, మన కృష్ణ ఒడ్డున నిజమైన పురావస్తు శాస్త్రవేత్తలు మునగబోయే లోయలో పలుగూ పారా పట్టి ఉన్నారు. ఈ సంగతి గుర్తుకు వచ్చాక ఆ ముగింపును గ్రాఫిక్స్ అని కొట్టిపారేయడం నా వల్ల కాలేదు.

నా ఉద్దేశంలో ఇది నిధిని సంపాదించే కథ కాదు, అప్పగించే కథ. ఆ కోణంలో చూస్తే సినిమా నిలబడుతుందని నాకు అనిపిస్తోంది. ఇది వయసు వల్ల వచ్చిన మెత్తదనమా, లేక సినిమాలో నిజంగా ఉన్న గుణమా? లోపాలు ఉన్నాయని ఒప్పుకుంటూనే అడుగుతున్నాను, దయచేసి మీ మాట చెప్పండి.

మిర్యాలగూడ ఎడిటర్:

పానగల్లు గారూ, మీరు రాసినది చదివి నిన్న రాత్రి నేనూ మళ్లీ చూశాను. మీ కోణం నాకు నచ్చింది, కాని సినిమాను దాని ఉద్దేశం ఒక్కటే నిలబెట్టదు. నేను పదేళ్లుగా పెళ్లి వీడియోలూ, కొన్ని లఘుచిత్రాలూ ఎడిట్ చేస్తున్నవాణ్ణి కాబట్టి, ప్రేక్షకుడి నమ్మకం ఏ షాట్ దగ్గర తెగిపోయిందో వెతకడం నాకు అలవాటు. ఆ లెక్కన రెండు మాటలు చెబుతాను.

ఫ్రిజ్ సన్నివేశాన్ని సమర్థించేవారు సాధారణంగా రెండో భాగంలోని విమానం సంగతి ఎత్తుతారు. గాలి నింపే పడవతో విమానంలోంచి దూకి బతికినప్పుడు ఒప్పుకున్నారు కదా, అణుబాంబు పేలుడులో ఫ్రిజ్‌లో దాక్కుని బతికితే తప్పేమిటి అని వాదిస్తారు. భౌతికశాస్త్రం ప్రకారం రెండూ అసాధ్యమే కావచ్చు, కాని తెర మీద అవి ఒకటి కావు. పడవ సన్నివేశంలో మనుషులు మనకు మొదటి నుంచి చివరి దాకా కనబడుతూనే ఉంటారు. గాలిలో తేలడం, మంచు మీద పడడం, జారడం, నదిలో పడడం ఇలా ఒక్కో మెట్టూ వాళ్ల అరుపులతో పాటే మనమూ దిగుతాం. ఫ్రిజ్ సన్నివేశంలో తలుపు మూసుకోగానే మనిషి మనకు దూరమైపోతాడు. ఆకాశంలో ఎగిరేది ఒక పెట్టె, నేల మీద దొర్లేది ఒక పెట్టె. పెట్టెతో పాటు భయపడడం ఎవరికి సాధ్యం? లోపల చీకట్లో అతని ముఖం మీద ఒక్క షాట్ నిలిపి, చప్పుడు మాత్రమే వినిపించి ఉంటే, ఒక సిరీస్ నమ్మశక్యం కాని హద్దు దాటిందని ఎగతాళిగా అనే ‘న్యూక్ ద ఫ్రిజ్’ అనే నానుడి పుట్టేదే కాదని నా నమ్మకం.

నిజానికి ఆ సన్నివేశానికి ముందున్నది మొత్తం సిరీస్‌లోనే అత్యంత ధైర్యంగా తీసిన భాగం. బొమ్మ మనుషులు, బొమ్మ కుటుంబాలు, టీవీ ముందు కూర్చున్న బొమ్మ పిల్లలు ఉన్న ఆ ఊరు కల్పన కాదు. 1955 మే 5న నెవాడా ఎడారిలో జరిగిన ‘ఆపిల్-2’ పరీక్షలో అమెరికా ప్రభుత్వం అటువంటి ఊరినే కట్టి, ఇళ్లలో బొమ్మలు నిలబెట్టి పేల్చింది. ఆ తర్వాత, పుట్టగొడుగు మేఘం ముందు చిన్న నీడలా నిలబడ్డ టోపీ మనిషి షాట్ ఉంది చూడండి, 1930ల వీరుడు అణుయుగంలోకి వచ్చి పడ్డాడని ఒక్క ముక్క సంభాషణ లేకుండా చెప్పిన షాట్ అది. ఫ్రిజ్ మీద నవ్వుకునే తొందరలో మనం దాన్ని సరిగ్గా చూడలేదు. ఈ విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను.

రెండో మాట వెలుగు గురించి. మొదటి మూడు భాగాలకు డగ్లస్ స్లోకోంబ్ ఛాయాగ్రహణం చేశారు. నీడలు ముదురుగా, అంచులు తేటగా, ఎండ ఎండలాగే ఉంటుంది. నాలుగో భాగానికి పనిచేసిన యానుష్ కమిన్‌స్కీ గొప్ప ఛాయాగ్రాహకుడు, పాత భాగాల తీరును పట్టుకోవాలనే ప్రయత్నించాడు కూడా. కాని ఆయన చేతిలో ప్రతి కిటికీ, ప్రతి దీపం చుట్టూ తెల్లటి మెరుపు వ్యాపిస్తుంది, దాంతో రాయి కూడా రాయిలా కాక సెట్‌లా కనబడుతుంది. అడవిలో జీపుల మీద జరిగే కత్తియుద్ధంలో ఇది మరీ కొట్టొచ్చినట్టు తెలుస్తుంది, ఎందుకంటే మనుషుల మీద పడే వెలుగు ఒకవైపు నుంచి, వెనుక అడవి మీది వెలుగు మరోవైపు నుంచి వస్తున్నట్టు ఉంటుంది. మనకు 1957 అంటే ‘మాయాబజార్’ వచ్చిన ఏడాది. ‘లాహిరి లాహిరి’ పాటలో మార్కస్ బార్ట్‌లే సృష్టించిన వెన్నెల అసలు వెన్నెల కాదని తెలిసి కూడా ఈనాటికీ నమ్ముతున్నాం. నీటి మీదా, ముఖాల మీదా, పడవ మీదా ఒకే వెన్నెల పడుతుంది కాబట్టే నమ్ముతున్నాం. తీగలు పట్టుకుని కోతులతో పాటు ఊగే సన్నివేశానికి ఆ ఒక్కటీ లేదు. కంప్యూటర్ వాడడం తప్పు కాదు, వెలుగు కలవకపోవడం తప్పు. దాన్ని నేను క్షమించలేను.

న్యాయంగా ఇంకొకటి కూడా చెప్పాలి. యేల్ విశ్వవిద్యాలయం ఉన్న న్యూ హేవెన్ వీధుల్లో తీసిన మోటార్‌సైకిల్ వేట, గ్రంథాలయంలోకి జారిపోయే దాకా, పాత భాగాల పక్కన ఏ సంకోచమూ లేకుండా నిలబడుతుంది. అక్కడ బండ్లు నిజం, వీధి నిజం, స్టంట్ చేసిన మనుషులు నిజం. సినిమా అంతా అలా తీసి ఉంటే మీరు ఈ ప్రశ్న అడగవలసిన అవసరమే ఉండేది కాదు.

సోమశిల దారి (కొల్లాపూర్):

ఎడిటర్ అన్న చెప్పిన లోపాలు నాకు పెద్ద ఇబ్బంది కలిగించలేదు, పానగల్లు సార్ చెప్పిన గుణమే ఇబ్బంది కలిగించింది. నేను చరిత్రలో పీజీ చేస్తున్నాను, మా నాయన పుట్టిన ఊరు శ్రీశైలం జలాశయంలో మునిగింది. అందువల్ల ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోలేకపోతున్నాను, మాట కొంచెం గట్టిగా వస్తే మన్నించండి.

ముందుగా ఆ వస్తువు సంగతి చూద్దాం. స్ఫటిక కపాలాలు నిజంగానే మ్యూజియాల్లో ఉన్నాయి. బ్రిటిష్ మ్యూజియం ఒకదాన్ని 1897లో కొనుక్కుంది. వాటిని ప్రాచీన మెక్సికో ప్రజలు చేశారని చాలాకాలం నమ్మారు. కాని శాస్త్రవేత్తలు వాటి మీది గీతలను సూక్ష్మదర్శినుల కింద పరీక్షించినప్పుడు, కొలంబస్‌కు ముందటి అమెరికాలో లేని తిరుగుడు చక్రాలతో కోసి నునుపు చేసిన గుర్తులు దొరికాయి. బ్రిటిష్ మ్యూజియం కపాలమూ, అమెరికాలోని స్మిత్‌సోనియన్‌లో ఉన్నదీ ఆధునిక కాలంలో తయారైనవేనని తేల్చిన పరిశోధన ఈ సినిమా వచ్చిన 2008లోనే అచ్చయింది. ఆ కపాలాల్లో ఒక్కటి కూడా నమోదైన తవ్వకంలో దొరికినది కాదు. ఇండియానా జోన్స్ వంటి ప్రొఫెసర్ మొదట అడగవలసిన ప్రశ్న ‘ఇది ఏ మట్టి పొరలో దొరికింది’ అని కదా. సినిమాలో ఆయన ఆ ప్రశ్న అడగడు. నకిలీ పురావస్తువుల బజారు గురించి అద్భుతమైన సాహసకథ చేతికి అందివచ్చినా, రచయితలు దాన్ని వదిలేశారు.

అంతకంటే బాధించేది గ్రహాంతరవాసుల సిద్ధాంతం. ఈ సిరీస్ సృష్టికర్త జార్జ్ లూకస్ వాదన నాకు తెలుసు. మొదటి మూడు భాగాలు 1930ల సీరియల్ సాహసచిత్రాలకు నమస్కారం పెట్టాయి కాబట్టి, 1957లో జరిగే కథ ఆనాటి ఎగిరే పళ్లేల చవక చిత్రాలకు నమస్కారం పెట్టాలన్నది ఆయన ఆలోచన. సినిమా శైలి వరకు అది తెలివైన ఆలోచనే. కాని 1930ల సీరియల్ నుంచి తెచ్చుకున్నది కొరడా, టోపీ మాత్రమే. 1950ల నుంచి తెచ్చుకున్నది మాత్రం ఒక జాతి చేతిపనిని ఆ జాతి చేతిలోంచి లాగేసుకునే సిద్ధాంతం. పెరూ ఎడారి నేల మీద కనిపించే ప్రాచీన నాజ్కా గీతలను గీసింది ఆ ఎడారిలో బతికిన మనుషులు. వ్యవసాయమూ నీటి కాలువలూ ఆకాశం నుంచి వచ్చినవారు నేర్పారని చెబితే, అక్కడి రైతు చెమటకు విలువ లేకుండా పోతుంది.

సార్, మీ పేరులోనే పానగల్లు ఉంది కాబట్టి అడుగుతున్నాను. అక్కడి ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడి గోడ మీద పగలంతా కదలకుండా నిలిచే స్తంభం నీడను చూసి, ఇది మనుషుల వల్ల అయ్యే పని కాదని ఎవరైనా అంటే మీకు ఎలా ఉంటుంది? పలువైపుల నుంచి లోపలికి వచ్చే వెలుగునూ, స్తంభాల వరుసనూ లెక్కగట్టి ఆ నీడను నిలబెట్టినవాళ్లు కందూరు చోళుల కాలపు శిల్పులు. వారి పేర్లు మనకు తెలియవు కాని వారి తెలివి తెలుసు. అది దేవుడి మాయ అన్నా, అన్యగ్రహం వాళ్ల పని అన్నా నష్టపోయేది ఆ శిల్పులే.

ఇక అప్పగింత మాట. కపాలాన్ని ఇండీ తిరిగి ఎవరికి ఇచ్చాడు? సింహాసనాల మీద కూర్చున్న స్ఫటిక అస్థిపంజరాలకు. ఆ లోయను కాపాడుకుంటూ అక్కడే బతుకుతున్న మనుషులు గోడల్లోంచి బయటికి వస్తారు, కపాలాన్ని చూసి వెనక్కి తగ్గుతారు, ఆ వెంటనే సోవియట్ సైనికుల తుపాకులకు కూలిపోతారు. వాళ్ల కోసం ఒక్క షాట్ కూడా ఆగదు. చివర్లో నీళ్లు వచ్చి కప్పేది వాళ్ల ఊరిని. గట్టు మీద నిలబడ్డవాళ్లలో ఆ ఊరివాడు ఒక్కడూ లేడు. పెరూలో కథ నడుపుతూ మెక్సికో పిరమిడ్ల పోలికలను తెచ్చి కలపడం కూడా ఈ అశ్రద్ధలో భాగమే.

మునిగిన ఊరి నుంచి వచ్చిన కుటుంబంలో పెరిగినవాడిగా ఒక మాట చెబుతాను. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు, చాలా మంచి పని. మా నాయన అలంపురం వెళ్లినప్పుడల్లా ఆ గుడి ముందు ఎక్కువసేపు నిలబడతాడు, గుడికి చోటు దొరికిందని సంతోషిస్తాడు, ఆ తర్వాత బస్సులో ఏమీ మాట్లాడడు.

దేవరకొండ పాత పుస్తకాలు:

మా ఇంట్లో సోవియట్ ప్రచురణ సంస్థలు ప్రగతి ప్రచురణాలయం, రాదుగ వారి తెలుగు పుస్తకాలు రెండు అలమరల నిండా ఉండేవి. 1952 ఎన్నికల్లో కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డిగారికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వేసిన జిల్లా మనది, ఆ ఓట్లలో మా తాతలవి కూడా ఉన్నాయి. అందుచేత ఈ సినిమాలో దుష్టులందరూ సోవియట్ మనుషులే కావడం నాకు మొదటిసారి ముల్లులా గుచ్చుకుంది. రష్యాలో కూడా సెయింట్ పీటర్స్‌బర్గ్ కమ్యూనిస్టులు ఆ రోజుల్లోనే దీన్ని ఖండించారు. నేను చదివిన సోవియట్ పుస్తకాల్లో ఉన్న మనుషులకూ, అడవిని నరుక్కుంటూ పోయే ఈ సైనికులకూ ఏ సంబంధమూ కనిపించలేదు.

అయినా రెండోసారి చూసినప్పుడు ఒక విషయం గమనించాను. ఈ సినిమా తన సొంత దేశాన్ని కూడా వదలలేదు. ప్రపంచయుద్ధంలో దేశం కోసం పనిచేసి పతకాలు పొందిన ప్రొఫెసర్‌ను ఎఫ్‌బీఐ వాళ్లు గదిలో కూర్చోబెట్టి ద్రోహిలా ప్రశ్నిస్తారు, ఆయన కార్యాలయాన్ని సోదా చేస్తారు, కాలేజీ ఆయన్ను సెలవు మీద పంపేస్తుంది, ఆయన ఉద్యోగం కోసం డీన్ తన ఉద్యోగం వదులుకుంటాడు. కమ్యూనిస్టులన్న అనుమానంతో మనుషులను వేధించిన మెకార్తీ కాలం నీడ అది. 1950లలో అమెరికాలో అనుమానం మీద ఉద్యోగాలు పోగొట్టుకున్న అధ్యాపకులు నిజంగానే ఎందరో ఉన్నారు. మొదటి, మూడో భాగాల్లో ఇండీకి తరగతి గది తన ఇల్లు లాంటిది. ఈ భాగంలో ఆ ఇల్లు కూడా పోతుంది. ఈ సన్నివేశాల గురించి ఎవరూ ఎందుకు మాట్లాడుకోరో నాకు అర్థం కాదు.

కేట్ బ్లాంచెట్ వేసిన సోవియట్ దళ నాయకురాలు ఇరినా స్పాల్కో గురించి కూడా చెప్పాలి. ఆమెకు బంగారం అక్కర్లేదు, చిరంజీవిత్వం అక్కర్లేదు. చివర్లో వరం అడగమంటే తనకు అన్నీ తెలియాలని అడుగుతుంది, ఆ తెలివిని భరించలేక కాలిపోతుంది. మొదటి భాగంలో ఇండీకి పోటీదారైన బెల్లాక్‌కూ కొంత ఇదే దాహం ఉంది, కాని ఇంత సూటిగా కాదు. ప్రశ్న అడగడం తప్ప జవాబు ముందు తల వంచడం తెలియని మనిషి ఆమె. ఈ పాత్రకు ఇంకో రెండు సన్నివేశాలు రాసి, కోతులకు కేటాయించిన నిడివిని ఆమెకు ఇచ్చి ఉంటే సినిమా స్థాయి మారిపోయేది.

కొల్లాపూర్ తమ్ముడి మాటలకు నా దగ్గర జవాబు లేదు. ఆ కాపలాదారుల సన్నివేశం నేను మూడుసార్లు చూసి కూడా గమనించలేదని ఒప్పుకుంటున్నాను.

నార్కట్‌పల్లి:

2023లో జేమ్స్ మాంగోల్డ్ తీసిన ఐదో భాగం చూశాక నాలుగో భాగాన్ని మళ్లీ చూడాలని నా సలహా. ఐదో భాగం నాటికి ఇండీ కొడుకు మట్ వియత్నాం యుద్ధంలో చనిపోయాడు, ఇండీ, అతని భార్య మారియన్ విడిపోయి ఉన్నారు. అది తెలిసి నాలుగో భాగం చివరి పెళ్లి చూస్తే, చర్చి తలుపులోంచి వచ్చిన గాలికి టోపీ కొట్టుకుని వచ్చి మట్ కాళ్ల దగ్గర పడడం, వాడు తీసి పెట్టుకోబోతుండగా తండ్రి నవ్వుతూ లాక్కుని వెళ్లిపోవడం ఇప్పుడు వేరే సంగతిగా కనిపిస్తుంది. 2008లో దాన్ని, కొడుకుతో ఇంకో సిరీస్ తీస్తారేమోనని భయపడి విసుక్కున్నాం. ఇప్పుడు నాకు అందులో కనిపించేది, కొడుకు బతికి ఉన్న ఒక మధ్యాహ్నం.

పానగల్లు పాఠకుడు (నల్లగొండ):

అందరికీ కృతజ్ఞతలు. నేను ఊహించినదానికంటే లోతైన జవాబులు వచ్చాయి.

ఎడిటర్ గారూ, వెలుగు గురించి మీరు చెప్పినది చదివాక అడవి వేటను మళ్లీ పెట్టి చూశాను. మీ మాట నిజం, ఆ భాగాన్ని ఇక నేను సమర్థించను. ఫ్రిజ్ ఆలోచనకు బాధ్యత తనదేనని స్పీల్‌బర్గ్ తర్వాత చెప్పుకున్నాడు, ఆ ఆలోచన తనదేనని లూకస్ కూడా చెప్పుకున్నాడు. ఇద్దరిలో ఎవరిదైనా, తలుపు మూసుకున్నాక కెమెరా లోపల ఉండవలసిందన్న మీ మాట ఇంతవరకు నేను ఎక్కడా వినలేదు. నార్కట్‌పల్లి మిత్రులు చెప్పిన టోపీ సంగతి మా అమ్మాయికి చదివి వినిపించాను, ఐదో భాగం కూడా చూద్దామని పట్టుబట్టింది.

సోమశిల తమ్ముడూ, నీ రాత దగ్గర రెండు రోజులు ఆగిపోయాను. ఇది అప్పగించే కథ అని నేను గొప్పగా రాశాను గాని, ఎవరికి అప్పగించారని అడగలేదు. ఆ మాటను పూర్తిగా వెనక్కి తీసుకోను, ఎందుకంటే పేరూ డబ్బూ ఏదీ మిగలకుండా ఖాళీ చేతులతో వెనుదిరిగిన ఆ ముసలి ప్రొఫెసర్ నిజంగానే నాకు ప్రియమైనవాడయ్యాడు, మొదటి భాగంలో గుహలోంచి బంగారు విగ్రహాన్ని ఎత్తుకుని పరుగెత్తిన మనిషి ఇక్కడికి చేరుకోవడం చిన్న ప్రయాణం కాదు. కాని గట్టు మీద ఆ ఊరివాడు ఒక్కడూ లేడన్న నీ వాక్యం ఇక ఆ దృశ్యం నుంచి విడిపోదు.

ఇంకొక సంగతి కూడా ఒప్పుకోవాలి. మా తాత నీళ్ల కింది పట్నం గురించి ఎన్నోసార్లు చెప్పాడు, ఇక్ష్వాకుల గురించి తనకు తెలిసినంతలో చెప్పాడు. ఆ లోయలో తాను పనికి వెళ్లేనాటికి కాపురాలు ఉన్నవాళ్ల గురించి, గొడ్లనూ పిల్లలనూ తోలుకుని లేచిపోయినవాళ్ల గురించి ఎన్నడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేడు.

వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు మీ వైపు, అలంపురానికి తరలించిన ఆ కూడవెల్లి గుడి కాకుండా, సంగమేశ్వరం అనే మరో గుడి బయటపడుతుందని విన్నాను. వచ్చే సెలవుల్లో మా అమ్మాయిని తీసుకుని రావాలనుకుంటున్నాను. ఏ నెలలో వస్తే కనబడుతుందో చెప్పగలవా?

సోమశిల దారి (కొల్లాపూర్):

సార్, గుడి ఆంధ్ర ఒడ్డు వైపు ఉంటుంది, మీరు సోమశిల దాకా వస్తే మేము పడవ మాట్లాడిపెడతాం. ఏ నెలలో బయటపడుతుందన్నది ఆ ఏడాది జలాశయంలో ఉన్న నీళ్లను బట్టి మారుతుంది, ఎండలు ముదిరాక వస్తే కనబడే అవకాశం ఎక్కువ. బయలుదేరే ముందు ఇక్కడ ఒక మాట రాయండి, నేను ఒడ్డుకు వెళ్లి చూసి చెబుతాను. మా నాయనను కూడా వెంట తీసుకువస్తాను. నీళ్లు తగ్గినప్పుడు తమ ఊరు ఎటువైపు ఉండేదో ఆయన చెయ్యి చాపి చూపించగలడు.